సరిహద్దు నిర్వహణలో అవినీతి ప్రమాదాల అంచనా: భారత్–బంగ్లాదేశ్ సరిహద్దు

సరిహద్దు కాపలా, కస్టమ్స్ తనిఖీ, రాకపోకల నియంత్రణ వంటి పనుల్లో లంచానికి ఎక్కడ వీలుందో, ఎవరి చేతిలో ఉందో, ఎంత నష్టానికి దారితీస్తుందో ముందుగానే గుర్తించి లెక్కగట్టే పద్ధతిని అవినీతి ప్రమాదాల అంచనా అంటారు. నేర దర్యాప్తు ఒక వ్యక్తి చేసిన తప్పును నిరూపించడానికి సాగుతుంది. అంచనాలో వ్యక్తుల పేర్లుండవు, పని జరిగే తీరును మాత్రమే పరిశీలిస్తారు. ఇరుగుపొరుగు దేశాల సరిహద్దుల్లో ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చాలదో తెలుసుకోవడానికి భారత్–బంగ్లాదేశ్ సరిహద్దు మంచి ఉదాహరణ.

నిర్వచనం, పరిధి

అవినీతి పుట్టే పరిస్థితులను అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ క్లిట్‌గార్డ్ 1988లో ఒక సూత్రంగా చెప్పారు. ఒక పని ఒక్కరి చేతిలోనే ఉండి, ఆ పని చేయాలా వద్దా అన్నది కూడా వారి ఇష్టానికే వదిలేసి, అడిగేవారు లేనప్పుడు లంచానికి చోటు దొరుకుతుందని దాని సారాంశం. సరిహద్దు చౌకీలో ఈ మూడూ సులభంగా కలుస్తాయి. ఊళ్లకు దూరంగా, రాత్రిపూట, ఇద్దరు ముగ్గురు జవాన్లు కాపలా ఉండే చోట పై అధికారి కన్ను ఎల్లవేళలా ఉండదు.

సరిహద్దుల విషయంలో ఈ సూత్రానికి మరొకటి కలపాలి. అదే గీతకు అటూ ఇటూ ఉండే తేడా. ఒక పక్క నిషేధమున్న సరుకు మరో పక్క చట్టబద్ధమైతే, ఒక పక్క సుంకం ఎక్కువై మరో పక్క తక్కువైతే, ఆ తేడాయే లంచానికి పెట్టుబడి అవుతుంది. అందుకే ఒక దేశం తన ఉద్యోగులను మాత్రమే పరిశీలించి చేసే అంచనాలో సగం విషయం తప్పిపోతుంది. (చూడండి: దొంగ రవాణా, కస్టమ్స్ సుంకాలు.)

చారిత్రక నేపథ్యం

పన్నుల తేడా కాపలాను ఎలా పాడుచేస్తుందో ఉపఖండం 19వ శతాబ్దంలోనే చూసింది. పన్ను కట్టని ఉప్పు తమ ఏలుబడిలోని ప్రాంతాలకు రాకుండా బ్రిటిష్ ప్రభుత్వం దేశం మధ్యలో ఒక కస్టమ్స్ రేఖ గీసి, చాలా మేర దాని వెంట ముళ్ల కంచె పెంచింది. 1869 నాటికి సింధు నుంచి మహానది దాకా సుమారు 2,300 మైళ్ల పొడవున్న ఆ రేఖకు దాదాపు 12,000 మంది కాపలా ఉండేవారు. చాలీచాలని జీతాల ఆ కాపలాదారులు ఉప్పు బండ్లను వదిలేసి డబ్బు తీసుకోవడం మామూలైపోయింది. సాంభర్ వంటి ఉప్పు క్షేత్రాలను ప్రభుత్వం కౌలుకు తీసుకుని, ప్రాంతాల మధ్య పన్ను రేట్లను దగ్గరకు తెచ్చాక 1879లో ఆ రేఖను ఎత్తేశారు. కాపలాదారుల సంఖ్య ఎంత పెంచినా తీరని సమస్య, పన్ను తేడా తగ్గడంతో తీరింది.

ఇప్పటి సరిహద్దుకు మూలం దేశ విభజన కోసం సిరిల్ రాడ్‌క్లిఫ్ గీయగా 1947 ఆగస్టు 17న ప్రకటించిన రేఖ. అది పొలాల మీదుగా, వాగుల మీదుగా, కొన్ని చోట్ల ఇళ్ల మధ్య నుంచి కూడా సాగింది. ఒక దేశపు భూమి మరో దేశంలో చిక్కుకుని 162 భూఖండాలు మిగిలాయి. 1974 నాటి భూసరిహద్దు ఒప్పందాన్ని రాజ్యాంగ 100వ సవరణతో అమల్లోకి తెచ్చి, 2015 జులై 31 అర్ధరాత్రి 111 భూఖండాలను బంగ్లాదేశ్‌కు, 51 భూఖండాలను భారత్‌కు బదలాయించారు. అంతవరకు ఆ ఊళ్లవాళ్లకు సరైన గుర్తింపు పత్రాలు లేవు. వైద్యానికో బజారుకో పోవాలన్నా దొంగచాటుగా గీత దాటాల్సిందే. చట్టబద్ధమైన దారి లేనివాళ్లపైనే మామూళ్ల భారం ఎక్కువగా పడుతుంది.

సరిహద్దు, అధికార వ్యవస్థలు

ఈ సరిహద్దు పొడవు 4,096 కిలోమీటర్లు. పశ్చిమ బెంగాల్‌తో 2,216, త్రిపురతో 856, మేఘాలయతో 443, మిజోరంతో 318, అస్సాంతో 263 కిలోమీటర్ల మేర ఉంది. భారత్ వైపు 3,200 కిలోమీటర్లకు పైగా కంచె వేశారు. మిగిలిన దానిలో నదులు, చిత్తడి నేలలు, భూసేకరణ తేలని చోట్లు ఉన్నాయి. 1975లో కుదిరిన ఉమ్మడి మార్గదర్శకాల ప్రకారం సరిహద్దు గీతకు 150 గజాల లోపు రక్షణ కట్టడాలు ఉండకూడదు. దాంతో కంచె వెనక్కి జరిగి, భారతీయ రైతుల పొలాలు, కొన్ని ఊళ్లు కంచె అవతల ఉండిపోయాయి.

భారత్ వైపు కాపలా 1965 డిసెంబరు 1న ఏర్పడిన సరిహద్దు భద్రతా దళానిది (బీఎస్‌ఎఫ్). 2021 అక్టోబరులో పశ్చిమ బెంగాల్, అస్సాం, పంజాబ్‌లలో దాని అధికార పరిధిని 15 నుంచి 50 కిలోమీటర్లకు పెంచారు. సరుకుల తనిఖీ, సుంకాలు కస్టమ్స్ శాఖ చూస్తుంది. ల్యాండ్ పోర్టుల నిర్వహణకు 2012లో ప్రత్యేక అథారిటీ ఏర్పడింది. బంగ్లాదేశ్ వైపు ఈ పనులను బోర్డర్ గార్డ్ బంగ్లాదేశ్, జాతీయ రెవెన్యూ బోర్డు, ల్యాండ్ పోర్టుల అథారిటీ పంచుకుంటాయి. వీటికి తోడు ఇమిగ్రేషన్ పోలీసులు, మొక్కల క్వారంటైన్ విభాగం, స్థానిక పోలీసులు, పార్కింగ్ స్థలాల యాజమాన్యాలు ఉంటాయి. ఒక శాఖ నుంచి మరో శాఖకు కాగితం చేతులు మారే ప్రతి చోటునూ అంచనాలో విడిగా పరిశీలిస్తారు.

అవినీతి రూపాలు

*పశువుల అక్రమ రవాణా.* ఇరువైపుల చట్టాల తేడా ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. భారత్ నుంచి బంగ్లాదేశ్‌కు పశువుల ఎగుమతికి అనుమతి లేదు. బంగ్లాదేశ్ వైపు మాత్రం చాలాకాలం ‘కారిడార్’ అనే ఏర్పాటు నడిచింది. గీత దాటి వచ్చిన పశువును యజమాని లేనిదిగా చూపి, తలకు 500 టాకాలు కట్టించుకుని రసీదు ఇచ్చేవారు. ఆ రసీదుతో అది చట్టబద్ధమైన సరుకు అయిపోయేది. ఒక పక్క నేరమైనదే మరో పక్క ఖజానాకు ఆదాయమైంది.

2020 సెప్టెంబరులో సీబీఐ నమోదు చేసిన కేసు ఈ వ్యవహారం లోపలి తీరును బయటపెట్టింది. పశ్చిమ బెంగాల్‌లోని మాల్దాలో ఉన్న ఒక బీఎస్‌ఎఫ్ బెటాలియన్ 2015 డిసెంబరు నుంచి 2017 ఏప్రిల్ వరకు 20,000కు పైగా పశువులను పట్టుకుంది. వాటిని తెచ్చిన వాహనాలు గానీ, మనుషులు గానీ పట్టుబడలేదు. ఆరోపణ ఏమిటంటే, జప్తు జాబితాలో పశువుల జాతిని, పరిమాణాన్ని తక్కువ చేసి రాసేవారు. పెద్ద ఎద్దు కాగితం మీద చిన్న దూడ అయ్యేది. కస్టమ్స్ వేలంలో ధర పడిపోయేది. వాటిని పోగొట్టుకున్న వ్యాపారే తక్కువ ధరకు కొనుక్కుని మళ్లీ గీత దాటించేవాడు. ఇందుకు తలకు 2,000 రూపాయలు బీఎస్‌ఎఫ్ సిబ్బందికి, 500 రూపాయలు కస్టమ్స్ సిబ్బందికి ముట్టేవని ఎఫ్‌ఐఆర్ పేర్కొంది. ఆ బెటాలియన్ మాజీ కమాండెంట్‌ను 2020 నవంబరులో అరెస్టు చేశారు. ఇవి దర్యాప్తు సంస్థ చేసిన ఆరోపణలు, తేల్చాల్సింది న్యాయస్థానమే.

అంచనా వేసేవారికి ఈ కేసులో ముఖ్యమైన పాఠం ఉంది. జప్తుల సంఖ్య పెరిగితే కాపలా బాగున్నట్టు పై అధికారులు భావిస్తారు. ఇక్కడ ఆరోపణ నిజమైతే జప్తు చేయడమే లంచం తీసుకునే మార్గంగా మారింది. కాబట్టి జప్తుల సంఖ్యను మాత్రమే చూడకూడదు. పశువుతో పాటు మనిషి పట్టుబడ్డాడా, వాహనం దొరికిందా, వేలంలో కొన్నది ఎవరు, అదే పేరు ఎన్నిసార్లు వచ్చింది అన్నవి కలిపి చూడాలి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ప్రభుత్వ రిజిస్టర్లలోనే ఉంటాయి. కాకపోతే అవి వేర్వేరు శాఖల బీరువాల్లో ఉంటాయి.

*బంగారం.* పశువులది ఇటు నుంచి అటు ప్రయాణం, బంగారం అటు నుంచి ఇటు వస్తుంది. దాన్ని నడిపించేది దిగుమతి సుంకం. భారత్‌లో ఈ సుంకం 2022 జులైలో 15 శాతానికి పెరిగి, 2024 జులై బడ్జెట్‌లో 6 శాతానికి తగ్గింది. సుంకం ఎక్కువైతే కిలోకు మిగిలే లాభం పెరిగి, అందులోంచి కాపలాదారుకు ఇవ్వజూపే మొత్తమూ పెరుగుతుంది. పశువులు మందలుగా కదులుతాయి కాబట్టి దాటించడానికి చాలామంది సహకారం కావాలి. బంగారం నడుముకు కట్టుకుని ఒక్క మనిషి తేగలడు, ఒక్కరు కళ్లు మూసుకుంటే చాలు. అందుకే ఈ రెండింటి ప్రమాదాలను ఒకే కొలతతో కొలవడం సరికాదు. (చూడండి: బంగారం దిగుమతులు.)

*ల్యాండ్ పోర్టుల్లో జాప్యం.* రెండు దేశాల మధ్య భూమార్గ వాణిజ్యంలో అత్యధిక భాగం పెట్రాపోల్–బేనాపోల్ మీదుగా సాగుతుంది. అక్కడ సరుకు గీత దాటడానికి 138 గంటలు పడుతోందని ప్రపంచ బ్యాంకు 2021లో ప్రచురించిన నివేదిక చెప్పింది. ఒక లారీ నుంచి మరో లారీకి సరుకు మార్చడానికి పట్టే 28 గంటలు అందులో కలిసే ఉన్నాయి. తూర్పు ఆఫ్రికాలో ఇంతే రద్దీ ఉన్న సరిహద్దుల్లో 6 గంటల లోపే పని పూర్తవుతోందని అదే నివేదిక పోల్చింది. లారీ వరుసలో నిలబడిన ప్రతి రోజుకూ కిరాయి పెరుగుతుంది, కూరగాయలు, పండ్లైతే కుళ్లిపోతాయి. వరుసలో ముందుకు జరపగలవాడు అడిగినంత పుచ్చుకోగలడు. పెట్రాపోల్‌కు ముందుండే బొంగావ్ పట్టణంలోని పార్కింగ్ స్థలాల్లో లారీలు రోజుల తరబడి ఆగిపోవడం, ముందు వెళ్లడానికి దళారుల చుట్టూ తిరగడం ఏళ్ల తరబడి వివాదమైంది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ‘సువిధ’ పేరుతో ఆన్‌లైన్‌లో స్లాట్ కేటాయించే పద్ధతి తెచ్చింది.

ఈ జాప్యం గుంటూరు మిర్చి వ్యాపారులకు కొత్త కాదు, ఎండుమిర్చికి బంగ్లాదేశ్ ముఖ్యమైన మార్కెట్. 2020లో లాక్‌డౌన్ వల్ల పెట్రాపోల్‌లో లారీల రాకపోకలు స్తంభించినప్పుడు, జులైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి సుమారు 384 టన్నుల మిర్చితో ప్రత్యేక పార్శిల్ రైలు బేనాపోల్‌కు వెళ్లింది. దేశ సరిహద్దు దాటిన తొలి పార్శిల్ రైలు అదే. లారీలో టన్నుకు దాదాపు 7,000 రూపాయలయ్యే ఖర్చు రైలులో 4,608 రూపాయలకు తగ్గిందని రైల్వే శాఖ తెలిపింది. రెండో దారి ఉంటే మొదటి దారిలో వరుసను పట్టుకు కూర్చున్నవాడి బలం తగ్గుతుంది. ప్రమాద అంచనాలో ఇలాంటి ప్రత్యామ్నాయాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

*కంచె గేట్లు, మనుషుల రాకపోకలు.* కంచె అవతల పొలం ఉన్న రైతు రోజూ గేటు దగ్గర తన గుర్తింపు కార్డు జవానుకు అప్పగించి, రిజిస్టరులో పేరు రాయించుకుని వెళ్తాడు. నిర్ణీత వేళల్లోనే గేటు తెరుస్తారు. నాటు వేసే రోజుల్లో గేటు అరగంట ఆలస్యంగా తెరుచుకున్నా కూలీల ఖర్చు మీద పడుతుంది. ఎరువుల బస్తాలు ఎన్ని తీసుకెళ్లవచ్చు, ట్రాక్టరును ఎప్పుడు పంపాలి అన్నవి అక్కడ నిలబడిన వ్యక్తి మాట మీదే నడిచే సందర్భాలుంటాయి. ఇక్కడ చేతులు మారేది చిన్న మొత్తమే గనుక ఫిర్యాదు కాగితానికి ఎక్కదు. జాతీయ గణాంకాల్లో ఎక్కడా కనిపించని ఈ ప్రమాదం, సరిహద్దు ఊళ్లలో బతికేవాళ్లకు అన్నింటికన్నా దగ్గరిది. మనుషులను దొంగచాటుగా దాటించే ముఠాల్లో దారి ఖాళీగా ఉందని కబురు చేసేవాడిని అక్కడ ‘లైన్‌మన్’ అంటారు. జవాన్లకూ దళారులకూ మధ్య బేరం కుదిర్చేది తరచుగా ఇలాంటి స్థానికులే.

అంచనా విధానం

ముందుగా ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా అంచెలంచెలుగా రాస్తారు. పట్టుబడిన పశువు విషయంలో జప్తు, పంచనామా, అప్పగింత, విలువ కట్టడం, వేలం, కొనుగోలుదారుకు విడుదల అనేవి అంచెలు. ప్రతి అంచెలో ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాన్ని రెండో మనిషి చూస్తాడా, ఆధారం మిగులుతుందా అని పరిశీలిస్తారు. తర్వాత అవినీతి జరిగే అవకాశానికి, జరిగితే వచ్చే నష్టానికి విడివిడిగా మార్కులు వేసి గుణిస్తారు. నియంత్రణలేవీ లేవనుకున్నప్పటి ప్రమాదాన్ని, ఉన్న నియంత్రణల తర్వాత మిగిలే ప్రమాదాన్ని పక్కపక్కన పెడతారు. రెండింటి మధ్య తేడా లేకపోతే ఆ నియంత్రణ కాగితానికే పరిమితమని అర్థం.

సమాచారం రిజిస్టర్ల నుంచి, వేలం పత్రాల నుంచి, క్లియరింగ్ ఏజెంట్లు, డ్రైవర్లు, రైతులతో పేర్లు బయటపెట్టకుండా జరిపే మాటామంతీ నుంచి వస్తుంది. ఇరుదేశాల వాణిజ్య లెక్కలను పోల్చడం మరో ఉపయోగకరమైన పద్ధతి. ఒక సరుకు భారత్ నుంచి ఇంత వెళ్లిందని ఇక్కడి కస్టమ్స్ లెక్క, ఇంత వచ్చిందని అక్కడి లెక్క ఏటా ఒకే దిశలో తేడాగా ఉంటే, విలువ తక్కువ చూపడమో, సరుకు పేరు మార్చడమో జరుగుతుందని అనుమానించవచ్చు. రవాణా, బీమా ఖర్చుల వల్ల కొంత తేడా సహజంగానే వస్తుంది. కాబట్టి అది అనుమానానికి ఆధారమే తప్ప రుజువు కాదు.

ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ ఏటా ప్రకటించే అవినీతి భావన సూచీని ఈ పనికి వాడటం పొరపాటు. 2024 సూచీలో భారత్ 38 మార్కులతో 96వ స్థానంలో, బంగ్లాదేశ్ 23 మార్కులతో 151వ స్థానంలో ఉన్నాయి. ఆ అంకెలు దేశం మొత్తం మీద నిపుణులకు, వ్యాపారులకు ఉన్న అభిప్రాయాన్ని చెబుతాయి. ఫలానా చౌకీలో రాత్రి కాపలా ఎలా ఉందో చెప్పలేవు.

నివారణ చర్యలు, వాటి ఫలితాలు

సిబ్బందిని తరచుగా బదిలీ చేయడం పాత పద్ధతి. స్థానిక ముఠాలతో పరిచయాలు ముదరకుండా ఇది ఆపుతుంది. అయితే కొత్తగా వచ్చిన జవానుకు భాష రాదు, దారులు తెలియవు. తెలిసిన స్థానికుడి మీద ఆధారపడతాడు, కొన్నిసార్లు ఆ స్థానికుడే దళారి. బదిలీతో పాటు ప్రాంతంపై ఇచ్చే శిక్షణ కూడా అంతే అవసరం.

అస్సాంలోని ధుబ్రీ దగ్గర బ్రహ్మపుత్ర పాయల్లో కంచె సాధ్యం కాని 61 కిలోమీటర్ల మేర 2019 మార్చిలో సెన్సర్లు, కెమెరాలతో నిఘా ఏర్పాటు చేశారు. పరికరం నమోదు చేసిన కదలికకు ఎవరూ స్పందించకపోతే ఆ విషయం కూడా రికార్డులో మిగులుతుంది. రికార్డును చెరిపే అధికారం ఎవరికుందన్నది అంచనాలో అడగాల్సిన తదుపరి ప్రశ్న. కస్టమ్స్ శాఖ 2020లో దేశవ్యాప్తం చేసిన ముఖరహిత మదింపులో దిగుమతి పత్రాలను వేరే నగరంలోని అధికారి పరిశీలిస్తారు. దానివల్ల పత్రాల దగ్గర బేరం కష్టమైంది, సరుకును కళ్లారా చూసి తనిఖీ చేసే దశ మాత్రం పోర్టులోనే మిగిలింది. ఒక చోట మూసిన సందు ఇంకో చోట తెరుచుకుంటుంది గనుక, ప్రతి సంస్కరణ తర్వాత అంచనాను కొత్తగా వేయాలి.

చట్టబద్ధమైన దారులు తెరవడం మరో తరహా చర్య. 2010 అవగాహన ఒప్పందం తర్వాత 2011లో మేఘాలయలోని కలాయ్‌చర్‌లో మొదలైన సరిహద్దు సంత దీనికి ఉదాహరణ. పరిమిత మొత్తంలో, సుంకం లేకుండా ఇరువైపుల ఊళ్లవాళ్లు అక్కడ సరుకులు కొనుక్కోవచ్చు. గంప కూరగాయలు అమ్ముకోవడానికి మామూలు ఇచ్చుకోవాల్సిన అవసరం తప్పుతుంది. దీనికి విరుద్ధంగా, హఠాత్తుగా విధించే నిషేధాలు ప్రమాదాన్ని పెంచుతాయి. భారత్ 2019, 2020, 2023 సంవత్సరాల్లో ఉల్లి ఎగుమతులను ఆపింది. 2025 మే నెలలో బంగ్లాదేశ్ దుస్తుల దిగుమతిని ల్యాండ్ పోర్టుల నుంచి తప్పించి రెండు ఓడరేవులకే పరిమితం చేసింది. అలాంటి నిర్ణయాలకు ఆర్థిక, దౌత్య కారణాలుండవచ్చు. వాటి వెంటే సరిహద్దు చౌకీల మీద పడే ఒత్తిడినీ లెక్కగట్టాలి.

చట్టాలు, ఒప్పందాలు

భారత్‌లో 1988 నాటి అవినీతి నిరోధక చట్టం వర్తిస్తుంది. 2018 సవరణతో లంచం ఇవ్వడమూ నేరమైంది. బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవారు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉంది. అక్రమంగా గీత దాటినవారికి ఈ మినహాయింపు ఆచరణలో ఉపయోగపడదు, ఫిర్యాదుకు వెళ్తే ముందు వాళ్లే దొరికిపోతారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం రాష్ట్రంలో దర్యాప్తులకు సీబీఐకి ఇచ్చిన సాధారణ అనుమతిని 2018 నవంబరులో వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత కూడా సీబీఐ కేసులు నమోదు చేయడంపై రాష్ట్రం వేసిన దావా విచారణకు అర్హమైనదేనని సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చింది. బంగ్లాదేశ్‌లో 2004 చట్టం కింద అవినీతి నిరోధక కమిషన్ పనిచేస్తుంది. రెండు దేశాల మధ్య 2011లో సమన్వయ సరిహద్దు నిర్వహణ ప్రణాళిక కుదిరింది. కస్టమ్స్ నిజాయితీపై ప్రపంచ కస్టమ్స్ సంస్థ 1993లో ఆమోదించి 2003లో సవరించిన అరూషా ప్రకటన అంతర్జాతీయ ప్రమాణంగా ఉంది. (చూడండి: ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం.)

ఇతర సరిహద్దులు

సంపన్న దేశాలకు ఈ బెడద లేదనుకోవడం తప్పు. అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగంలో 2005 నుంచి 2012 ఆర్థిక సంవత్సరాల మధ్య 144 మంది ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు అవినీతి ఆరోపణలపై అరెస్టు కావడమో, అభియోగాలు ఎదుర్కోవడమో జరిగిందని ఆ దేశ ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం నివేదించింది. జాంబియా, జింబాబ్వే దేశాలు 2009 డిసెంబరులో చిరుందు వద్ద ఉమ్మడి చౌకీ తెరిచాయి. అక్కడ ఇరుదేశాల అధికారులు ఒకే ఆవరణలో, ఒకే విడతలో తనిఖీ చేస్తారు, ఆగాల్సిన చోట్లు సగానికి తగ్గుతాయి. భారత్–నేపాల్ సరిహద్దు 1,751 కిలోమీటర్ల మేర మనుషుల రాకపోకలకు తెరిచే ఉంటుంది. కాబట్టి అక్కడి ప్రమాదం ఎక్కువగా సరుకుల దగ్గరే. శేషాచలం అడవుల్లో కొట్టిన ఎర్రచందనం చైనాకు చేరే దొంగదారుల్లో నేపాల్ మార్గమూ ఒకటి. (చూడండి: ఎర్రచందనం.)

పరిమితులు

అంచనా నివేదిక బయటపెడితే లోపాలు దొంగలకూ తెలుస్తాయన్న భయంతో ప్రభుత్వాలు వాటిని రహస్యంగా ఉంచుతాయి. మరీ రహస్యమైతే అమలును అడిగేవారుండరు. చౌకీల వివరాలు తీసేసి, సిఫార్సులను, వాటి అమలు గడువులను ప్రచురించడం ఈ చిక్కుకు పనికొచ్చే మధ్యేమార్గం. అసలు లోటు మరొకటి ఉంది. జప్తు జాబితా ఒక దేశం దగ్గర, అవతలి రసీదు మరో దేశం దగ్గర ఉన్నప్పుడు రెండూ ఒకే బల్ల మీదికి వస్తే తప్ప పశువు గానీ, బంగారం గానీ, లారీ గానీ నడిచిన దారి పూర్తిగా తెలియదు. ఇందుకు కొత్త ఒప్పందమేదీ అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం 48వ అధికరణం సమాచార మార్పిడికి, 49వ అధికరణం ఉమ్మడి దర్యాప్తుకు వీలు కల్పిస్తున్నాయి. అందులో బంగ్లాదేశ్ 2007లో, భారత్ 2011లో చేరాయి.